రోజూ ఎలా ఉంటారో అలాగే

లిఫ్టు మామకి నోరెక్కువ. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. వెళ్ళిపోయిన మనిషి గురించి చెప్పేటప్పుడు అందరూ ఆ మనిషిని ఎక్కడికో ఎత్తేస్తారు, నాకది చేతకాదు. మా తొమ్మిదంతస్తుల బిల్డింగులో ఏ ఇంట్లో ఏ గొడవ జరిగినా పక్కింటికి తెలిసేలోపే లిఫ్టులో తెలిసిపోయేది. చెప్తున్న కబురు పూర్తికాకపోతే మన అంతస్తు వచ్చినా తలుపు తీసేవాడు కాదు. గ్రిల్లు మీద చెయ్యేసి నిలబడి, చివరిదాకా చెప్పి, అప్పుడు వదిలేవాడు. పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను మామా అని మొత్తుకున్నా వినిపించుకునేవాడు కాదు. ఆ నోటిని నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలియదు.

కానీ ఆయన లేకపోతే ఆ లిఫ్టుతో ఎవరికీ పొసగేది కాదు. పాతకాలపుది. లోపలొక గ్రిల్లు, బయటొక గ్రిల్లు, రెండూ గట్టిగా పడితేనే కదిలేది. ఏ అంతస్తులోనైనా ఎవరైనా బయటి గ్రిల్లు సగం వేసి పోయారంటే ఉన్నచోటే మొండికేసేది. అప్పుడు మామ మెట్లెక్కుతూ, ఒక్కొక్క గ్రిల్లూ చూసుకుంటూ వెళ్ళి, దొరికిన ఇంటి ముందు నాలుగు తిట్లు తిట్టి, దాన్ని వేసి వచ్చేవాడు. బటన్ల మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. గడపకి సమానంగా ఆగడం ఆ లిఫ్టుకి తెలియదు, జానెడు పైనో కిందో ఆగేది. పెద్దవాళ్ళు దిగేటప్పుడు మామ మోచెయ్యి అందించేవాడు. నేను ఇంట్లో మిషను మీద కర్టెన్లు కుట్టి దుకాణానికి ఇస్తాను. ఆ మూటలు లిఫ్టులోకి ఎక్కించిందీ దించిందీ ఇన్నేళ్ళూ ఆయనే. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. అక్కడొక మనిషి ఉండాలి, అంతే.

మా అత్తగారు ఆయన్ని తమ్ముడూ అనేవారు, ఆయన అక్కా అనేవాడు. ఆ వరసన మా ఆయనకి మామ, అలాగే బిల్డింగంతటికీ మామ. మరి ఆయన భార్యని నేను అత్తా అనాలి. ఇంట్లో ఉన్న ఒక్క అత్తగారితోనే నాకు తల ప్రాణం తోకకొస్తుంటే ఇంకొకరు నా వల్ల కాదని, ఆవిణ్ణి పిన్నీ అని పిలిచేదాన్ని. వరస తప్పిన కోడలని మామ నన్ను ఏడిపించేవాడు.

పిన్నికి చక్కెర జబ్బు. ఒక కాలు మోకాలి కిందికి తీసేశారు. రెండో పాదానికి పుండు, మానినట్టే మాని మళ్ళీ తిరగబెట్టేది. కట్టు మార్పించుకోవడానికి మానకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, లేకపోతే ఆ కాలూ దక్కదని డాక్టరు చెప్పాడు. వాళ్ళుండేది డాబా మీద, లిఫ్టు మోటారు పక్కన ఉన్న ఒంటిగదిలో. బిల్డింగు చూసుకునే సంస్థ ఉద్యోగంతోపాటు ఇచ్చిన గది అది. మోటారు తిరిగినప్పుడల్లా గోడకి తగిలించిన గిన్నెలు గలగలలాడేవి. కట్టు మార్చే రోజున మామ ఆవిణ్ణి చేతుల మీద ఎత్తుకొచ్చి, లిఫ్టులో తన స్టూలు మీద కూర్చోబెట్టి, మధ్యలో ఎవరు బెల్లు కొట్టినా ఆపకుండా కిందికి దించేవాడు. ఉద్యోగం పోతే గది పోతుంది, గది పోతే లిఫ్టూ ఉండదు. లిఫ్టు లేకపోతే పిన్ని గతేమిటో మా బిల్డింగులో పసిపిల్లల్ని అడిగినా చెప్తారు.

అందుకే పరిశీలన నోటీసు చూడగానే నాకు ముందు పిన్నే గుర్తొచ్చింది. అప్పటికే ఆరో అంతస్తు వకీలుగారు మామ మీద ఒంటికాలి మీద లేచి ఉన్నారు. ఆయన ఇంట్లో మాటేదో లిఫ్టులో తిరిగిందట. ఈ మనిషి నోటి సంగతి పైవాళ్ళకి చెప్తానని కింద లిఫ్టు ముందున్న హాల్లో అందరి ముందూ అన్నారు. తర్వాత కొన్నాళ్ళకి పోస్టు పెట్టెల పక్కన కాగితం అంటించారు. లిఫ్టునీ హాలునీ నివాసులు ఎలా వాడుతున్నారో తెలుసుకోవడానికి వారం పాటు పరిశీలన జరుగుతుందని రాసి ఉంది. పాత లిఫ్టు తీసేసి కొత్తది పెట్టే ఆలోచన ఉందని కూడా కింద ఒక వాక్యం రాశారు. ఆ వాక్యం ఎవరికి పట్టింది? వాళ్ళు చూడటానికొచ్చేది మామనే అని మేమందరం ఖాయం చేసేసుకున్నాం.

వచ్చింది ఒకమ్మాయి. మెడలో కార్డు, చేతిలో ట్యాబు. హాల్లో మడత కుర్చీ వేసుకుని కూర్చునేది. హాలు పటం గీసుకుని, ఎవరు ఎక్కడ నిలబడతారో, ఎంతసేపు ఎదురుచూస్తారో, ఎటు చూస్తారో అందులో చుక్కలు పెట్టుకునేది. లిఫ్టు మూలన కెమెరా పెట్టించింది. అప్పుడప్పుడూ మాతోపాటు ఎక్కి దిగేది. మంచి పిల్లే, లేనిపోనివి అనకూడదు. మొదటి రోజే ఇంటింటికీ వచ్చి నవ్వుతూ చెప్పింది.

"నేను లేననుకోండి. మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి."

మా అత్తగారు బుద్ధిగా తలూపి, తలుపు వేసి, నా వైపు తిరిగారు. "విన్నావా? పైకి అలాగే అంటారు. బయటి మనిషి వస్తుంటే ఇల్లు సర్దుకోమా ఏమిటి?"

ఆవిడ బతుకంతా ఒక బళ్ళో ఆయాగా చేశారు. ఇన్‌స్పెక్షను అంటే ఏమిటో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ రోజు నేల తళతళలాడాలి, పిల్లల గోళ్ళు కత్తిరించి ఉండాలి, సరిగ్గా చదవలేని పిల్లల్ని ఆ పూట ఇంటి దగ్గరే ఉండమనాలి. అలా చేస్తే మేష్టారి ఉద్యోగానికి ఢోకా ఉండదు. ఇన్నేళ్ళలో ఆవిడ నేర్చుకున్నది అది. ఆ రోజు మధ్యాహ్నమే చెప్పులేసుకుని అంతస్తంతస్తూ తిరిగారు, బతిమాలి కొందరికీ, బెదిరించి కొందరికీ చెప్పారు. గ్రిల్లులు గట్టిగా వెయ్యాలి. ఎక్కువమంది ఎక్కకూడదు. ఎవరి బటన్ వాళ్ళే నొక్కుకోవాలి, మామకి పని చెప్పకూడదు, లిఫ్టు వదిలేసి మన సొంత పనులకి తిరుగుతున్నాడని ఎవరూ అనకుండా ఉండాలంటే ఆయన చేత పనులు చేయించుకుంటున్నట్టు కనపడకూడదు. కళ్ళు ఆననివాళ్ళూ, కర్ర పట్టుకునేవాళ్ళూ, లిఫ్టంటే భయపడేవాళ్ళూ ఆ వారం ఇల్లు కదలకూడదు. కావలసినవి కోడళ్ళూ కొడుకులూ తెచ్చిపెడతారు. వకీలుగారి భార్య కూడా సరేనంది, మొగుడికి తెలియకుండా.

నాకు అప్పుడే చిరాకేసింది. ఇదంతా ఎందుకండీ, ఉన్నది ఉన్నట్టు కనపడితే పోలా అన్నాను. నీకేం తెలుసు, నోరు మూసుకుని కర్టెన్లు కుట్టుకో అన్నారు. మా ఆయన బస్సు డ్రైవరు, నోట్లో నాలుక లేని మనిషి. రెండువైపులా చూసి టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

అత్తగారికి ఒక్కటే బెంగ. అందరికీ చెప్పిన మనిషి తను వెళ్ళి బటన్ నొక్కకపోతే ఏం బాగుంటుంది? ఆవిడకి దగ్గరి వస్తువులు మసక. ఎన్నేళ్ళుగానో లిఫ్టెక్కుతున్నా ఒక్కసారి కూడా బటన్ ముట్టుకోలేదు. అందుకని మామనే అడిగారు. ఆ అమ్మాయి కెమెరా ఆపి భోజనానికి వెళ్ళినప్పుడల్లా మామ ఆవిడ వేలు పట్టుకుని నేర్పాడు. కింద నుంచి చేత్తో తడుముకుంటూ రావాలి, పగిలిన బటన్ తగులుతుంది, దాని పైదే మనది. వేలు అక్కడ పెట్టి లోపలికి గట్టిగా నొక్కి ఒక్క క్షణం ఆపాలి. తప్పితే మామ అరిచేవాడు, ఆవిడ నవ్వేవారు. నేను మూట పక్కన పెట్టుకుని ఆ తతంగం చూస్తూ నిలబడ్డాను. అక్క బడికి వెళ్తోందని మామ బిల్డింగంతా చాటాడు.

ఆ వారం మా బిల్డింగు మా బిల్డింగులా లేదు. మామ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. ఒక్క కబురు చెప్పలేదు. పళ్ళ బిగువున ఆపుకుంటున్నాడని మొహం చూస్తేనే తెలిసేది. పిల్లలు వరసలో నిలబడ్డారు. గ్రిల్లులు ఠంచనుగా పడ్డాయి, లిఫ్టు ఒక్కసారి కూడా మొండికెయ్యలేదు. ఏడో అంతస్తు తాతగారు, ఏం చెప్పినా వినని మనిషి, వారమంతా కిటికీ దగ్గర కూర్చున్నాడు. పిన్నికి కట్టు మార్చే రోజు మధ్యలో పడింది. అందరూ చూస్తుండగా పని వదిలేసి భార్యని మోసుకుపోతే ఏం బాగుంటుందని మామ ఆ ఒక్కసారికీ వాయిదా వేశాడు. పిన్ని కూడా సరేనంది.

ఆ అమ్మాయి ఒక్కొక్కరినీ లిఫ్టు దగ్గరికి తీసుకెళ్ళి, బటన్ నొక్కుతూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమనేది. అది వాళ్ళ పద్ధతట. మా అత్తగారి వంతు వచ్చింది. ఆ అమ్మాయి మామని బయట నిలబడమంది. ఆవిడ కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళి, గ్రిల్లులు లాగి, కింద నుంచి తడుముకుంటూ వచ్చి, తడబడకుండా సరైన బటన్ నొక్కారు.

"ఇప్పుడేం అనుకుంటున్నారమ్మా?" అని ఆ అమ్మాయి అడిగింది.

"నువ్వేం అనుకుంటావో అనుకుంటున్నాను తల్లీ" అన్నారు మా అత్తగారు.

ఆ పిల్ల హాయిగా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ వారం మొత్తంలో ఎవరైనా ఉన్న మాట చెప్పారంటే అదొక్కటే, దాన్ని జోకనుకుని వదిలేశాం. తర్వాత మామ గురించి అడిగింది, ఆయన మీకేం సాయం చేస్తారని. అత్తగారు ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నారు. మా తమ్ముడు ఎవరి జోలికీ రాడు, ఒక్క మాట ఎక్కువ మాట్లాడడు, మా పనులు మేమే చేసుకుంటాం, ఆయన్ని ఇబ్బంది పెట్టం అని గుక్క తిప్పుకోకుండా చెప్పారు. మిగతావాళ్ళూ అదే పాట పాడారు. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి మామకి దణ్ణం పెట్టి వెళ్ళింది. గండం గడిచిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. డాబా మీద టీలు తాగాం. వారం రోజుల కబుర్లన్నీ మామ ఆ సాయంత్రమే కక్కేశాడు.

నోటీసు మళ్ళీ అదే చోట అంటించారు. కొత్త లిఫ్టు వస్తుంది. నివాసులు పాత లిఫ్టునే ఏ సాయమూ లేకుండా చక్కగా వాడుకోగలుగుతున్నారని పరిశీలనలో తేలింది కాబట్టి, లిఫ్టు మనిషి ఉద్యోగం రద్దు. డాబా మీది గది నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. చదివింది నేనే, పైకి చదవమన్నది మామే. ఇంకోసారి చదవమ్మా అన్నాడు. చదివాను. పిన్నికి నేను చెప్పుకుంటాలే, మీరెవరూ చెప్పకండి అని మెట్ల వైపు నడిచాడు. ఖాళీ లిఫ్టు పక్కనే ఉంది.

మర్నాడే మేం కొందరం సంస్థ ఆఫీసుకి వెళ్ళాం. అత్తగారు ముందు నడిచారు. అక్కడి అధికారి మర్యాదస్తుడే, కుర్చీలు వేయించాడు. మేం చేసిందంతా నాటకమని అత్తగారు పూసగుచ్చినట్టు చెప్పారు. ముసలివాళ్ళని దాచేశామనీ, గ్రిల్లులు వెయ్యమని భయపెట్టామనీ, మామ మీద ఫిర్యాదు వచ్చిందనుకున్నామనీ చెప్పారు. ఏ ఫిర్యాదు అని ఆయన అడిగాడు. ఎవరూ ఏమీ ఇవ్వలేదట. వకీలుగారు నోటితో బెదిరించారే తప్ప గడప దాటలేదు.

అధికారి కంప్యూటరు మా వైపు తిప్పాడు. అందులో మా అత్తగారు ఉన్నారు. కొంగు సర్దుకుని, తడుముకుని, ధీమాగా బటన్ నొక్కుతున్నారు. మీటింగులో అందరికీ ఇదే చూపించామండీ, ఇంత పెద్దావిడే చేసుకోగలిగితే ఇంకెవరికి కష్టం అన్నారందరూ అని చెప్పాడు. నాకు ఆ బల్ల ఎత్తి పడేద్దామన్నంత కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియలేదు.

"ఇప్పుడు మీరే చెప్పండమ్మా, అప్పుడు కళ్ళతో చూసింది నమ్మాలా, ఇప్పుడు జాలిపడి చెప్తున్నది నమ్మాలా?" అన్నాడు అధికారి.

ఆ పిల్లనే పిలిచి అడగండి అన్నారు అత్తగారు. ఆ అమ్మాయిని పిలిపించారు. ఆ పిల్ల విషయమంతా విన్నది. వచ్చినవాళ్ళనే చూశానండీ, రానివాళ్ళు ఎందుకు రాలేదో అడగాలని నాకు తట్టలేదు అంది. ఇంకోసారి పరిశీలన చేద్దామని అధికారిని అడిగింది కూడా. కొత్త లిఫ్టు సామాను బయల్దేరిపోయిందన్నాడాయన.

పాత లిఫ్టు విప్పడం మొదలుపెట్టిన రోజే మామ ఇల్లు ఖాళీ చేశాడు. ఇంకో రెండు రోజులు ఆగమని పనివాళ్ళని అడిగాం, కుదరదన్నారు. పిన్నిని ఆ స్టూలు మీదే కూర్చోబెట్టి, మా ఆయనా ఇంకొందరూ కలిసి మెట్ల మీదుగా దించారు. మలుపు వచ్చిన ప్రతిచోటా కట్టు కట్టిన పాదం గోడకి తగలకుండా మామ తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. ప్రతి అంతస్తులోనూ తలుపులు తీసి నిలబడ్డారు. పిన్ని మా గుమ్మం ముందు నన్ను చూసి, వరస తప్పిన కోడలా, వస్తూ ఉండు అంది. నేను లోపలికొచ్చి కర్టెను గుడ్డలో మొహం పెట్టుకుని ఏడ్చాను.

వాళ్ళకి ఇవ్వగలిగిన అద్దెలో దొరికింది ఊరి చివర ఒక గది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మామ ఒక కార్ల పార్కింగులో కాపలాకి చేరాడు. మొదట్లో చుట్టుపక్కలవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి పిన్నిని కిందికి దించేవాళ్ళు. ఎన్నాళ్ళని దించుతారు? తర్వాత తర్వాత మామే ఇంట్లో కట్టు మార్చడం మొదలుపెట్టాడు. పుండు నల్లబడిందని ఆయన గుర్తుపట్టేసరికి జ్వరం ఒళ్ళంతా పాకింది. ఆసుపత్రికి చేర్చిన రెండోనాడు పిన్ని పోయింది. మా ఆయన డ్యూటీలో ఉండగా ఎవరో చెప్పారు. ఇంటికొచ్చి చెప్పి, బూట్లు విప్పకుండా అలాగే కూర్చుండిపోయాడు.

ఈలోపు మాకు కొత్త లిఫ్టు వచ్చింది. కార్డు చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది, లోపల నున్నటి గాజు పలక, చేత్తో తడిమితే అన్ని అంకెలూ ఒక్కసారే వెలుగుతాయి. అత్తగారు ఒక్కసారే ఎక్కారు. ఎక్కడెక్కడో తిరిగి, ఎవరో పరాయివాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకొస్తే వచ్చారు. ఆ తర్వాత గడప దాటలేదు. ఏడో అంతస్తు తాతగారూ అంతే. హాల్లో ఇప్పుడు ఎవరూ ఆగి మాట్లాడుకోరు. వకీలుగారికి కూడా తోచట్లేదని వాళ్ళావిడ చెప్పింది.

పిన్ని సంగతి వినగానే అత్తగారు చెప్పులేసుకుని పద అన్నారు. లిఫ్టు వైపు చూడకుండా మెట్లు దిగారు. అక్కడ మళ్ళీ మూడంతస్తులు ఎక్కారు. ప్రతి మలుపులోనూ ఆగి, గోడ పట్టుకుని ఆయాసపడుతూ, నేను చెయ్యి అందిస్తే విదిలించేస్తూ ఎక్కారు. గది తలుపు తీసే ఉంది. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. మామ కిటికీ కింద నేల మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, మూలనున్న స్టూలు తెచ్చి, తన చొక్కా అంచుతో తుడిచి అక్కకి వేశాడు. అదే స్టూలు.

మామ ఒక్క కబురూ చెప్పలేదు, అంత నోరున్న మనిషి. నేను ఏదో ఒకటి అనాలని టీ పెట్టనా మామా అన్నాను. ఇంట్లో పొడి లేదమ్మా అన్నాడు.

అత్తగారు ఆయన మోకాలి మీద చెయ్యేశారు.

"తమ్ముడూ, ఆ రోజు నేను తప్పు బటన్ నొక్కి ఉంటే బాగుండేదిరా."

మామ తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"అలా ఎలా నొక్కుతావక్కా? నేర్పింది నేను కదా."

ఆయన గొంతులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నేను ఏడవకుండా ఉండేదాన్ని. అత్తగారు స్టూలు మీంచి లేవలేకపోయారు. మామ మోచెయ్యి అందించాడు, నేను రెండోవైపు పట్టుకున్నాను, ఇద్దరం కలిసి లేపాం.